జాలికి రాని మనిషి

కాలువలో పడినదేదైనా ఎప్పుడో ఒకప్పుడు ముత్యం దగ్గరికి రావలసిందే. పైన ఊళ్లలో ఎవరి చెప్పు జారినా, ఎవరి బిందె కొట్టుకుపోయినా, ఎవరి మేకపిల్ల కాలు తప్పినా, నీళ్లు దాన్ని మోసుకొచ్చి సంగెంపల్లె పవర్‌హౌస్ ముందరి ఇనుప జాలికి ఆనించి పోతాయి. నీళ్లు ఊచల సందుల్లోంచి దూరి లోపలి మిషన్ తిప్పుతాయి. నీళ్లు కానిదంతా బయట ఆగిపోతుంది. ఆగినదాన్ని తీయడం ముత్యం పని. పొడుగాటి పైపు, దాని చివర ఇనుప పళ్ల దంతె. జాలి మీద మనిషి వెడల్పు వంతెన. అక్కడ నిలబడి, దంతెను నీళ్ల అడుగు దాకా దింపి, ఊచల వెంట పైకి లాగాలి. నడుముతో కాదు, మోకాళ్లతో లాగాలి. నడుముతో లాగినవాళ్లు ఆ పనిలో రెండు వానాకాలాలు దాటలేదు.

మనుషులు కూడా వస్తారు. ఆ సంగతి ముత్యం ఎవరితోనూ మాట్లాడడు కానీ కోరుట్ల నుంచి కిందికి కాలువ పొడుగునా అందరికీ తెలుసు. ఇంట్లో మనిషి కనబడకపోతే, గట్టు మీద ఏ చెప్పులో దొరికితే, ఒకరు పోలీస్‌స్టేషన్‌కు పోతారు, ఇద్దరు పవర్‌హౌస్‌కు వస్తారు. వచ్చినవాళ్లను ముత్యం కానుగ చెట్టు కింద కూర్చోబెడతాడు. అంగి ఏ రంగో అడుగుతాడు. ఇంకేం అడగడు.

మనిషి జాలికి వచ్చిన రోజు ముత్యం దంతె ముట్టడు. షిఫ్టు సారుకు చెప్పి గేటు దింపిస్తాడు, మిషన్ ఆపిస్తాడు. నీళ్లు కుదురుకున్నాక నడుముకు తాడు కట్టుకొని తానే దిగుతాడు. చంకల కింద చేతులు వేసి, పసిపిల్లను తొట్లెలోంచి తీసినట్టు తీస్తాడు. గట్టు మీద తల దక్షిణానికి పెట్టి పడుకోబెట్టి, ముఖం మీద తువ్వాల కప్పి, అప్పుడు ఇంటివాళ్లను పిలుస్తాడు. అందరినీ ఒక్కసారి పిలవడు. చెట్టు కింద కూర్చున్నప్పుడే ముఖాలు చూసి, ఎవరు ముందు రావాలో అనుకొని పెట్టుకుంటాడు.

మూడో రోజు దాకా రాకపోతే మాత్రం ఒక మాట అంటాడు.

"జాలికి రాలేదంటే కాలువల లేనట్టే. ఇంటికి పోండ్రి."

ఆ మాట ఎప్పుడూ తప్పలేదు. పోయాడనుకున్న మనిషి నిజామాబాద్‌లో చుట్టాల ఇంట్లోనో, బొంబాయిలో ఏ హోటల్లోనో తేలేవాడు. అందుకే ముత్యం ఆ మాట అన్నాక ఆడవాళ్లు చెట్టు కింద నుంచి లేచి, చీర కుచ్చిళ్లు దులుపుకొని, బస్సు టైం అడిగేవాళ్లు.

ఈసారి వానాకాలానికి ముందే పాత మిషన్ ఊడదీశారు. కరెంటు సంస్థ తన పాత సరంజామానంతా మారుస్తోంది. ఎక్కడో బొగ్గుతో నడిచే ముసలి యూనిట్లను చల్లార్చేసింది. గట్ల మీద ఎండతో కరెంటు పుట్టించే పలకలు పరుస్తోంది. కాలువల మీదున్న చిన్న చిన్న పవర్‌హౌస్‌లకు కొత్త మిషన్లు దించి, అన్నింటినీ పట్నంలో ఒక్క గదిలో కూర్చొని నడిపించే ఏర్పాటు చేసింది. ఇంజనీరమ్మ భాగ్యశ్రీ ఇదంతా ముత్యానికి ఓపికగా చెప్పింది. జగిత్యాల పిల్ల. చిన్నా పెద్దా అందరినీ అన్నా అనే పిలుస్తుంది.

"అవే నీళ్లు ముత్యమన్నా. కరెంటు మాత్రం సగమెక్కువ వస్తది. ఇన్ని దినాలు నీళ్లను ఉత్తగనే కిందికి విడిచిపెట్టినం."

పాత టర్బైన్ చక్రాన్ని క్రేనుతో ఎత్తి గడ్డి మీద దించిన రోజు ముత్యం దగ్గరికి పోయి చూశాడు. ఇన్నేళ్లూ దాని చప్పుడు విన్నాడు కానీ దాని రూపు చూడడం అదే మొదలు. రెక్కల అంచులు ఎలుకలు కొరికిన చాటలా ఉన్నాయి. ఒక రెక్క మీద చెయ్యి వేశాడు. ఎండకు కాలి ఉంది. ఇంజనీరమ్మ చెప్పింది నిజమే, దీని వల్ల ఇంక కాదు అనుకున్నాడు.

జాలికీ మిషన్ పెట్టారు. వంతెన పొడుగునా పట్టాలు, వాటి మీద కదిలే ఇనుప పంజా. చెత్త పేరుకొని జాలికి ముందు నీళ్లెత్తి, వెనక దిగగానే దానంతటదే తెలుసుకుంటుంది. రెండుసార్లు కూత పెడుతుంది. పంజా మెల్లగా నీళ్లలోకి దిగి, ఒళ్లంతా చెత్త వేసుకొని లేచి, పక్కనున్న బెల్టు మీద కుమ్మరిస్తుంది. బెల్టు గోడ బయట నిలబెట్టిన ట్రాలీలో పోస్తుంది. దానికి నడుం నొప్పి లేదు, వానకు గొంగడి అక్కర లేదు.

పవర్‌హౌస్ మనుషుల్ని తలా ఒక దిక్కు వేశారు. ఒకరిని జగిత్యాలకు, ఒకరిని వెల్గటూరుకు. ముత్యానికి సిరిసిల్ల సబ్‌స్టేషన్ గేటు దగ్గర పని పడింది. వచ్చే సోమవారం చేరాలి. అప్పటిదాకా కొత్త మిషన్ ట్రయల్ నడుస్తుంది, పగటిపూట కొంచెం కనిపెట్టుకొని ఉండమన్నారు. రాత్రి మాత్రం లోపల ఎవ్వరూ ఉండకూడదు. అది కొత్త రూలు.

చెత్తనంతా గోడ అవతలి రైతు పెంటయ్య ఎరువుకు తోలుకుంటున్నాడు. అతని మడి పవర్‌హౌస్‌కు కూతవేటు దూరం. ట్రాలీ నిండితే పట్టా కప్పి కట్టి, ట్రాక్టర్‌కు తగిలించి లాక్కుపోయి, ఖాళీ ట్రాలీ తెచ్చి నిలబెడతాడు.

"ఏం బావా, నీ సవతి మస్తు పనిజేస్తుంది. నువ్వు దినమంత తీసేది అది ఒక్క పూటల తీస్తుంది" అన్నాడు కొక్కెం తగిలిస్తూ.

"దానికి బీడీ తాగుడు లేదు, చాయ్ తాగుడు లేదు గదనే."

"జీతం గూడ లేదు."

"గందుకే గద దాన్ని ఉంచుకొని నన్ను తోలుతున్నరు."

ఇద్దరూ నవ్వారు. ట్రాక్టర్ కదిలింది. బెల్టు మీద నుంచి నిమజ్జనం చేసిన వినాయకుడి వెదురు బద్దలు, తడి గడ్డి, గుర్రపుడెక్క ఖాళీ ట్రాలీలోకి రాలుతున్నాయి.

*

మంగళవారం పొద్దున రాధిక వచ్చింది. తమ్ముడు మహేశ్ బండి మీద తీసుకొచ్చాడు. బండి పూర్తిగా ఆగకముందే దిగి, ఎవర్నీ అడక్కుండా కానుగ చెట్టు కిందికి పోయి కూర్చుంది. అక్కడ కూర్చోవాలని ఎవరో చెప్పి పంపినట్టున్నారు.

ముత్యం ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"ఎవలు బిడ్డా?"

"మా ఆయన. సంజీవ్. మాది సిరిసిల్ల కాకా. మా అవ్వగారిల్లు కోరుట్ల కాడ. నేను అవ్వ కాడికి అచ్చిన, తోలుకపోవుటానికి ఆయన అచ్చిండు. మొన్న పొద్దుమీకి అన్నం తిన్నడు. గాలికి పోయొస్త అన్నడు. పోయిండు."

"బావ బండి కాలువ వంతెన మీద దొరికింది. చావి బండికే ఉంది. ఫోన్ మోగుతలేదు" అన్నాడు మహేశ్ నిలబడే.

"లొల్లి గిట్ల ఏమన్న అయిందా?"

"ఏం గాలే" అంది రాధిక. "లొల్లి అయితెనన్న మంచిగుండు. బట్ట నేసే సాంచలు బంద్ వెట్టిన కాడి నుంచి మాట్లాడుడే తక్కువైంది. ఇరవై యేండ్ల సంది ఆ చప్పుడుల ఉన్న మనిషి. అది లేకుంటె చెవుల ఏదో పెట్టినట్టున్నది అనెటోడు." కాలువ దిక్కు చూసింది. "పోయినేడు గూడ గిట్లనే చెప్పకుంట బొంబాయి దిక్కు భీవండి పోయిండు కాకా. నెల దినాలకు ఫోన్ జేసిండు. ఇప్పుడు గూడ గట్లనే పోయుంటడు గద?"

ముత్యం ఎప్పుడూ అడిగేదే అడిగాడు.

"అంగి?"

"నీలం రంగుది. కుడిచెయ్యి బొటనవేలుకు గోరు లేదు. సాంచల పడ్డది."

ముత్యం తల ఊపి లేవబోయాడు. రాధిక పంజా దిక్కు చూస్తోంది. అది అప్పుడే కూత పెట్టి, ఒక మొద్దునూ ఇంత గడ్డినీ ఎత్తి బెల్టు మీద పడేసింది. మొద్దు పడిన చప్పుడుకు ఆమె భుజాలు దగ్గరికొచ్చాయి.

"గదే తీస్తదా కాకా? మనిషినైనా?"

"లేదు బిడ్డా. అస్తే నేను తీస్త. మిషన్‌కు అందనియ్య."

మాట ఇచ్చి తిన్నగా ఇంజనీరమ్మ గదికి పోయాడు. పగలు తాను కనిపెట్టుకొని ఉంటాడు సరే, రాత్రి సంగతి ఏమిటి? భాగ్యశ్రీ విని, చేస్తున్న పని పక్కన పెట్టి, పట్నానికి ఫోన్ చేసింది. చాలాసేపు మాట్లాడింది. మధ్యలో లేచి నిలబడి మాట్లాడింది. ఫోన్ పెట్టేశాక వెంటనే ముత్యం దిక్కు చూడలేదు.

"ట్రయల్ నడుస్తుంది గదన్నా. మధ్యల ఆపితే మళ్ల మొదటికొస్తది అంటున్నరు. పై నుంచి గుర్రపుడెక్క గూడ బాగ వస్తుందట, రాత్రి ఆపితే జాలి మూసుకుపోతది."

"అయితే రాత్రి నన్ను ఉండనియ్యుండ్రి మేడమ్."

"అది గూడ అడిగిన. రూల్ లేదన్నరు. ఎవరికన్న ఏమన్న అయితే ఎవరు జవాబు? బెల్టు మీద కెమెరా ఉన్నది గద, చూస్తమన్నరు." ఇప్పుడు ముత్యం దిక్కు తిరిగి, "నేను గూడ పొద్దున లేవంగనే మొత్తం చూస్త. నా మీద నమ్మకం లేదా?" అంది.

"మీ మీద ఉన్నది మేడమ్."

ఆ రోజంతా ముత్యం వంతెన దిగలేదు. పంజా ఎప్పుడు కూత పెట్టినా, దానికన్నా ముందే వంగి నీళ్లలోకి చూసేవాడు. కూత పెట్టిన ప్రతిసారీ చెట్టు కింద రాధిక లేచి నిలబడేది. పంజా ఎత్తింది బెల్టు మీద పడేదాకా నిలబడి, మళ్లీ కూర్చునేది. మధ్యాహ్నం ముత్యం తన టిఫిన్‌డబ్బా తీసుకొని చెట్టు కిందికి వచ్చాడు. సగం అన్నం డబ్బా మూతలో పెట్టి ఆమె ముందుకు జరిపాడు. ఆమె వేళ్లతో కలిపింది కానీ తినలేదు.

"నువ్వు ఇక్కడ్నే ఉంటవా కాకా ఎప్పటికీ?"

"లేదు బిడ్డా. సోమవారం నుంచి మీ సిరిసిల్లకే. సబ్‌స్టేషన్ల పని."

"అవునా? మా ఇల్లు నెహ్రూనగర్ల. రా కాకా ఇంటికి." మర్యాదకు అనేసి, తానేమన్నదో తనకే తెలిసి నోరు మూసుకుంది.

చీకటి పడే వేళకు కొత్త గార్డు వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. అందరూ బయటికి నడిచారు.

రెండో రోజు కూడా అంతే. తేడా ఒక్కటే, సాయంత్రానికి రాధిక కూతకు లేచి నిలబడడం మానేసి, లేవబోతున్నట్టు అరచెయ్యి నేల మీద ఆనించి ఊరుకునేది. ఆ రాత్రి పైన మల్లాపూర్ దిక్కు గట్టి వాన పడింది. తెల్లారి ముత్యం వచ్చేసరికి కాలువ ఎర్రగా, గట్టు దాకా వస్తోంది. ఎక్కడి చెరువులు తెగాయో, గుర్రపుడెక్క చాపలు చాపలుగా కొట్టుకొస్తోంది. పంజా దిగుతూ లేస్తూ ఊపిరి పీల్చడం లేదు. రాత్రి నిండిన ట్రాలీని పెంటయ్య అప్పటికే లాక్కుపోయాడు. రెండోది సగం నిండి ఉంది.

ముత్యం సగం ట్రాలీలోకి ఎక్కి, చేతులతో పాయలు చేసి చూశాడు. గుర్రపుడెక్క, బురద, ఒక పిల్లల చెప్పు.

దిగి ఇంజనీరమ్మ గదికి పోయాడు. భాగ్యశ్రీ కళ్లు ఎర్రగా ఉన్నాయి. నిద్ర పోయినట్టు లేదు.

"చూసిన అన్నా. మొత్తం చూసిన. గుర్రపుడెక్కే. నువ్వు గూడ చూస్తవా?"

తెర ముందర కుర్చీ వేసి కూర్చోబెట్టింది. రాత్రి వెలుతురులో బెల్టు బూడిద రంగులో కనబడింది. దాని మీద నల్లటి ముద్దలు వస్తున్నాయి, పోతున్నాయి. వాన చినుకులు కెమెరా అద్దం మీద పడి జారుతున్నాయి. ముద్దల్లో కొన్ని చిన్నవి, కొన్ని పెద్దవి. ముత్యం కన్నార్పకుండా చూశాడు. ఒక్కోచోట "ఆపుండ్రి మేడమ్" అన్నాడు. ఆమె ఆపింది. దగ్గరికి జరిగి చూశాడు. గుర్రపుడెక్క. వేర్లు వేలాడుతున్న గుర్రపుడెక్క. "పోనియ్యుండ్రి" అన్నాడు.

ఆ రోజు కూడా పొద్దు వాలింది. మూడో రోజు వచ్చిన నీళ్లు కిందికి పోయాయి. రాధిక చెట్టు కింద మోకాళ్ల మీద గడ్డం పెట్టుకొని ఉంది. మహేశ్ గట్టు మీద అటూ ఇటూ తిరుగుతున్నాడు. ముత్యం వంతెన దిగి, చేతులు కడుక్కొని, వాళ్ల దగ్గరికి వచ్చాడు. ఆ పిల్ల ముఖం చూస్తే ఏదో ఒకటి అనక తప్పేటట్టు లేదు. ఇన్నేళ్లూ ఎంతమందికో అన్న మాట అది. నాలుక మీదే ఉంటుంది.

"జాలికి రాలేదంటే కాలువల లేనట్టే బిడ్డా. ఇంటికి పో."

రాధిక తలెత్తింది. ముందు నమ్మలేదు. తర్వాత ఒక్కసారి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చి, కొంగు నోట్లో కుక్కుకుంది.

"నిజమేనా కాకా?"

"ఎన్నడు తప్పలే బిడ్డా."

"అంటె భీవండే పోయిండు. నేను అంటనే ఉన్న" అన్నాడు మహేశ్. మూడు రోజుల్లో మొదటిసారి కూర్చున్నాడు. "రానియ్యి బావను. ఈసారి బండి అమ్మిపారేస్త."

"నువ్వు అమ్ముడేందిరా, నేనే అగ్గివెడ్త" అంది రాధిక కళ్లు తుడుచుకుంటూ. లేచి నిలబడి, ముత్యం రెండు చేతులూ పట్టుకుంది. "నీ నోట్ల చక్కెర పొయ్య కాకా. నా పుస్తె నిలవెట్టినవ్."

వాళ్ల బండి గట్టు మలుపు తిరిగేదాకా ముత్యం నిలబడి చూశాడు. వెనక మిషన్ రెండుసార్లు కూత పెట్టింది.

*

ఆదివారం పొద్దున పెంటయ్య వచ్చాడు. ట్రాక్టర్ లేదు, నడిచి వచ్చాడు. చెప్పులు లేవు. ముత్యం గదిలోని తన సామాను సంచిలో సర్దుతున్నాడు.

"బావా, ఒక్కసారి రా."

"ఏందే?"

"రా, నువ్వు." గేటు దాటాక అన్నాడు. "కుప్ప కాడ కుక్కలు మొరుగుతున్నయ్. తోలితె పోతలెవ్వు."

ముత్యం పెంటయ్య కన్నా ముందే నడిచాడు. మడి పక్కన నాలుగు ట్రాలీల గుర్రపుడెక్క కుప్పగా పోసి ఉంది. పైది ఎండి గోధుమ రంగు తిరిగింది. కింద ఇంకా పచ్చిగా, ఆవిర్లు లేస్తూ ఉంది. కుక్కలు ఒక మూలన కాళ్లతో తవ్విన గుర్తులున్నాయి.

పెంటయ్య పార తెచ్చాడు. ముత్యం తీసుకోలేదు. మోకాళ్ల మీద కూర్చొని చేతులతో తీయడం మొదలుపెట్టాడు. ఒక్కో చాపను వేర్లతో సహా విడదీసి పక్కన పెట్టాడు. గుర్రపుడెక్క తీగలు ఒకదాన్నొకటి పట్టుకొని ఉంటాయి, లాగితే కింద ఉన్నదాన్నీ లాగుతాయి. అందుకని తుంపుతూ తీశాడు. లోపల వేడిగా ఉంది. నీలం గుడ్డ కనబడింది. అక్కడి నుంచి ఇంకా నెమ్మదిగా తీశాడు. కుడిచెయ్యి బయటపడ్డాక, బురద తుడిచి బొటనవేలు చూశాడు. చూసి, ఆ చేతిని అలాగే తన చేతుల్లో పట్టుకొని కూర్చుండిపోయాడు.

"నాకేం తెల్వది బావా" అంటున్నాడు పెంటయ్య వెనక నుంచి. "పొద్దుగాల అచ్చిన. పట్టా గట్టిన, గుంజుకచ్చిన, ట్రాలీ ఎత్తి కుమ్మరిచ్చిన. నేనేం జూడలె బావా. దేవునిసాక్షి నేనేం జూడలె."

"ఎవ్వలం జూడలెనే" అన్నాడు ముత్యం.

ముఖం మీద తువ్వాల కప్పాడు. తల దక్షిణానికి తిప్పాడు. పిలవడానికి అక్కడ ఎవరూ లేరు.

పోలీసులు వచ్చారు. ఎస్సై కొలతలు తీయించి, పెంటయ్యను పక్కకు తీసుకుపోయి, అడిగిందే అడుగుతున్నాడు. భాగ్యశ్రీ ఒడ్డు మీద నిలబడి పట్నంతో ఫోన్లో మాట్లాడుతోంది. అవతలి మనిషి గట్టిగా మాట్లాడేవాడు కాబోలు, ముత్యానికి కూడా వినబడింది. "దొరికింది రైతు పొలంలో కదమ్మా. మన గోడ లోపల కాదు కదా. అదే రాయండి." ఆమె ఏదో చెప్పబోయింది. అప్పటికే అటు పెట్టేశారు. ఫోన్ చేతిలో పట్టుకొని ముత్యం దగ్గరికి వచ్చింది.

"రెండుసార్లు చూసిన అన్నా. రెండుసార్లు."

"నేను గూడ జూసిన మేడమ్."

"గోడ లోపటి నుంచే పోయింది అని రాస్త. ఏమన్న జేసుకోనియ్యి."

ముత్యం తల ఊపాడు. ఆమె రాస్తుందనే అనుకున్నాడు. రాస్తే పెంటయ్య బతుకుతాడు. చెట్టు కింద నుంచి లేచిపోయిన పిల్లకు మాత్రం ఆ రాతతో ఏం పని లేదు.

ఎస్సై జేబులోంచి ఫోన్ తీసి, "వాళ్ల నంబరుంది గద, చెప్పి పిలిపిద్దాం" అన్నాడు.

"ఫోన్ అద్దు సార్. ఇంటికి పొమ్మన్నది నేనే. నేనే పోయి తోలుకస్త."

*

వేములవాడలో బస్సు మారి సిరిసిల్లలో దిగేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. బస్సులో ముత్యం పక్కన కూర్చున్న మనిషి ఒకసారి వాసన పీల్చి లేచి ముందు సీటుకు పోయాడు. ముత్యం అప్పుడు తన చేతులు చూసుకున్నాడు. రెండుసార్లు కడిగినా గోళ్లలో ఆకుపచ్చ పోలేదు.

నెహ్రూనగర్ సందుల్లో సగం షెడ్లు మూసి ఉన్నాయి. తెరిచి ఉన్న వాటిలోంచి సాంచల చప్పుడు వస్తోంది. ఇద్దరిని అడిగితే ఇల్లు చూపించారు. రేకుల ఇల్లు, ముందర చిన్న అరుగు. అరుగు మీద రాధిక చాట ఒళ్లో పెట్టుకొని బీడీలు చేస్తోంది. తునికాకు కత్తిరించి, పొగాకు చిటికెడు పరిచి, రెండు వేళ్లతో చుట్టి, దారం రెండు చుట్లు తిప్పి తెంపుతోంది. చేతులు వాటంతటవే పనిచేస్తున్నాయి. పక్కింటి పిల్లతో ఏదో మాట్లాడుతోంది. తలలో కనకాంబరాల దండ ఉంది.

"అరే, కాకా!" చాట పక్కన పెట్టబోయింది. "ఇయ్యాల్నే అచ్చినవా? రేపు గద నీ డ్యూటీ? కూసో, కూసో. ఏయ్ పిల్లా, నువ్వు పోయే ఇంటికి, గీయన మా పవర్‌హౌస్ కాక."

పక్కింటి పిల్ల వెళ్లిపోయింది. ముత్యం అరుగు అంచున కూర్చున్నాడు. రాధిక ఆగకుండా మాట్లాడుతోంది.

"మా వాడకట్టు పిలగాడు భీవండి నుంచి ఫోన్ జేసిండు కాకా. కళ్యాణ్ టేషన్ల మా ఆయన అసొంటి మనిషిని జూసిండట. ఎనుకకెల్లి జూసిండట, పిలిచేటాలకు రైలెక్కిండట. మా అత్త అయితె మూడు దినాలు పచ్చి మంచినీళ్లు ముట్టలె. నేను అచ్చి నీ మాట జెప్పినంక గింత గంజి తాగింది. ఇయ్యాల మంచిగ అన్నం తింటుంది, అగో లోపట." గొంతు తగ్గించింది. "వంద యేండ్లు బతుకుతవ్ కాకా నువ్వు."

ముత్యం నేల దిక్కు చూస్తూ అన్నాడు.

"బిడ్డా, నేను జెప్పిన మాట తప్పు."

రాధిక చేతిలో సగం చుట్టిన బీడీ ఉంది. వేళ్లు ఆగలేదు. చివరిదాకా చుట్టింది, కొస మడిచింది, దారం తిప్పింది. తెంపలేదు.

"యాడ?" అంది.

"పవర్‌హౌస్ పక్కన మడి కాడ. మిషన్ ఎత్తింది రాత్రిపూట. గుర్రపుడెక్క సుట్టుకొని ఉండె. చెత్తల పోయిండు. ఎవ్వరికి కానరాలె. నేను గూడ... నేను గూడ ఫోటోల జూసిన బిడ్డా, నాకు కానరాలె."

"ఎన్నడు?"

"వాన వడ్డ రాత్రి."

ఆమె లెక్క చూసుకుంటున్నట్టు పెదవులు కదిపింది. "అంటె మూడో నాడు నేను చెట్టు కింద కూసున్నప్పుడు..."

"ఆ."

"నువ్వు ఇంటికి పొమ్మన్నప్పుడు..."

"ఆ బిడ్డా."

ఎదురు షెడ్డులో సాంచ ఒకటి ఆగింది. ఎవరో పోగు అతుకుతున్నారు. మళ్లీ మొదలయింది.

"ఎవలు తీసిండ్రు?"

"నేనే. చేతులతోని తీసిన."

ఆమె ఆ చేతుల దిక్కు చూసింది. చాలాసేపు చూసింది. తిడుతుందని ముత్యం అనుకున్నాడు. చాట తీసి ముఖాన కొట్టినా బాగుండు అనుకున్నాడు. దాని కోసమే ఫోన్ వద్దని ఇంత దూరం వచ్చినట్టు అప్పుడు అనిపించింది.

"నిన్న నవ్విన కాకా" అంది రాధిక. "గా పక్కింటి పిల్ల ఏందో అంటె నవ్విన. వాడకట్టంత ఇనవడేటట్టు నవ్విన. ఆయన గాడ కుప్పల ఉన్నడు, నేనిక్కడ పూలు వెట్టుకొని..."

చెయ్యి తలలోకి పోయింది. దండను పట్టుకుంది. పట్టుకొని, తీయకుండా ఆగిపోయింది. లోపల పళ్లెం మీద గ్లాసు పెట్టిన చప్పుడయింది.

"ఎవలే రాధికా?" లోపలి నుంచి ముసలి గొంతు. సంజీవ్ తల్లి లచ్చవ్వ.

రాధిక దండ మీది నుంచి చెయ్యి దించింది. ముత్యం లేవబోతుంటే, అరచెయ్యి అడ్డంగా చూపించి ఆపింది. గొంతు సవరించుకుంది.

"పవర్‌హౌస్ కాక అచ్చిండత్తా. ఇక్కడ డ్యూటీ వడ్డదట. నువ్వు తిను."

"మంచి మాట జెప్పిన మనిషి. నిలవెట్టి మాట్లాడుతున్నవా? లోపటికి రమ్మను. ఇన్ని మెతుకులు తినిపొమ్మను."

"తిని అచ్చిండట అత్తా."

ముత్యం వైపు వంగి, పెదవులు కదిలీ కదలనట్టు చెప్పింది.

"ఇనెనంటె మల్ల ముద్ద ముట్టది. అంతా అయ్యేదాక ఇంట్ల పొయ్యి ఎలగది. వారం దినాల్ల ఇయ్యాల్నే కడుపు నిండ తింటుంది కాకా. తిననియ్యి."

"రాధికా, ఇంత పప్పు ఏస్తవా? ఏందో ఇయ్యాల ఆకలైతుంది."

"అస్తున్ననత్తా."

రాధిక లేచింది. అరుగు కింద బిందెలో నీళ్లు ముంచుకొని, పొగాకు పోయేదాకా చేతులు కడుక్కుంది. ముఖం కడుక్కోలేదు, కొంగుతో అద్దుకుంది. గడప దాటి లోపలికి పోయింది. గోడవారగా కూర్చున్న లచ్చవ్వ పళ్లెం ముందర వంగి, గంటెతో పప్పు వేసింది. అడగకుండానే ఇంకో పిడికెడు అన్నం కూడా పెట్టింది. 

"గింతనా? నన్ను బలిపిస్తవా ఏందే?" అంది లచ్చవ్వ. అంటూనే కలుపుకుంది. గడప అవతల కూర్చున్న ముత్యాన్ని చూసి, తింటున్న చెయ్యి పైకెత్తి దండం పెట్టినట్టు నుదుటి దాకా తీసుకుపోయింది. "సల్లగుండు తమ్మీ."

ముత్యం చేతులు జోడించాడు.

పళ్లు లేని మనిషి. ఒక్కో ముద్దను చాలాసేపు నములుతోంది. రాధిక పక్కనే కూర్చొని, మజ్జిగ గిన్నె దగ్గరికి జరిపి, ఆమె నోటి దిక్కే చూస్తోంది. పళ్లెంలో అన్నం తరుగుతూ వస్తోంది. ఇంకొంచెం, ఇంకొంచెం మెల్లగా తినాలని ముత్యం కోరుకున్నాడు.